సంఘానికి కెమెరా కొంటున్నారా? దుకాణానికి వెళ్ళే ముందు ఇది చదవండి

ఊళ్ళో దాడి జరిగినా, శ్మశానానికి వెళ్ళే దారి మూసేసినా, టీ అంగట్లో మనకు వేరే గ్లాసు పెట్టినా, స్టేషన్‌లో మొదట వినిపించే ప్రశ్న ఒకటే: సాక్ష్యం ఏదీ? అందుకే హిందూపురం, పెనుకొండ, ధర్మవరం చుట్టుపక్కల యువజన సంఘాలు చందాలు వేసుకుని కెమెరా కొనాలనుకోవడం మంచి ఆలోచనే. చిక్కంతా దుకాణంలోకి అడుగు పెట్టాక వస్తుంది. కౌంటర్ వెనకున్న మనిషి మెగాపిక్సెళ్ళు లెక్క చెబుతాడు, సంచీ, ట్రైపాడ్ ఉచితం అంటాడు. పాతిక వేలు చేతిలో పెట్టుకుని వెళ్ళిన పిల్లలు నలభై వేల అప్పుతో, మైకు పెట్టుకునే రంధ్రం కూడా లేని కెమెరాతో తిరిగొస్తారు. అలా జరగకుండా ఉండటానికే ఈ వ్యాసం.

పెళ్ళిళ్ళు తీసేవాళ్ళకి మంచి కెమెరా అంటే ఒకటి, మనకు మంచి కెమెరా అంటే ఇంకొకటి. మనం తీసేది గాయాన్ని, విరగ్గొట్టిన తలుపుని, సాయంత్రం వెలుతురు తగ్గాక గేరిలో కూర్చుని మాట్లాడే అవ్వని, కలెక్టరేట్ ముందు ధర్నాని. మనం తీసిన ఫైలు రెండేళ్ళ తర్వాత కోర్టులో నిలబడాలి. పెట్టిన రూపాయికి విలువ వచ్చిందా లేదా అన్నది ఆ లెక్కలోనే చూడాలి.

ముందు ఫోను సంగతి

జేబులో ఉన్న కెమెరాయే అన్నిటికంటే మంచి కెమెరా. దాడి జరుగుతుంటే ఎవరూ ఇంటికెళ్ళి సంచీ తెచ్చుకోరు. ఉత్తరప్రదేశ్‌లోని చిత్రకూట్‌లో 2002లో మొదలైన ఖబర్ లహరియా పత్రికలో దళిత మహిళా విలేకరులు అచ్చు పత్రిక నుంచి ఫోను వీడియోలకు మారారు. ఆ ప్రయాణాన్ని చూపించిన డాక్యుమెంటరీ ‘రైటింగ్ విత్ ఫైర్’ ఆస్కార్ నామినేషన్ దాకా వెళ్ళింది. కాబట్టి ఫోను చాలదు అని మేము అనం. పది వేలే ఉంటే కెమెరా జోలికి పోకండి. ఆ డబ్బుతో ఒక కాలరు మైకు, ఫోను బిగించే ట్రైపాడ్, కాపీలు దాచడానికి ఒక హార్డ్ డిస్క్ కొనండి.

అయినా విడిగా కెమెరా ఎందుకు కావాలంటే, దూరం, చీకటి కాక మూడో కారణం ఒకటుంది. దాని గురించి ఎవరూ మాట్లాడరు. ఫోనులో తీసిన వీడియో కేసులో ముఖ్య సాక్ష్యమైతే దర్యాప్తు అధికారి ఆ ఫోనునే స్వాధీనం చేసుకోవచ్చు. ఫోనంటే ఆ మనిషి బతుకంతా. బ్యాంకు, ఆధార్, కూలి పని చెప్పే మేస్త్రీ నంబరు, సంఘంలో ప్రతి ఒక్కరి నంబరు, వాట్సాప్ గ్రూపులో మనం మాట్లాడుకున్నదంతా అందులోనే ఉంటాయి. అది నెలల తరబడి స్టేషన్‌లో ఉంటే నష్టం ఫోను ఖరీదుతో ఆగదు. కెమెరాలో తీస్తే చాలాసార్లు ఇవ్వాల్సి వచ్చేది మెమరీ కార్డు ఒక్కటే. మహా అయితే దానితోపాటు కెమెరా అడుగుతారు. సంఘం మొత్తం గుట్టు అందులో ఉండదు.

ఫోనులోనే తీసే పరిస్థితి వస్తే ఒక్కటి గుర్తుపెట్టుకోండి. చాలా ఫోన్లలో ముఖాన్ని అందంగా చూపించే బ్యూటీ మోడ్ ఉంటుంది. అది చర్మాన్ని నునుపు చేస్తుంది, రంగు తేలిక చేస్తుంది. మొటిమల మచ్చల్ని తుడిచేసినట్టే కమిలిన దెబ్బనీ తుడిచేస్తుంది. గాయాలు తీసే ముందు దాన్ని ఆపేయాలి.

మెగాపిక్సెల్ కాదు, సెన్సర్

ఏ4 కాగితం మీద స్పష్టంగా అచ్చు వేయడానికి సుమారు 9 మెగాపిక్సెళ్ళు చాలు. ఇప్పుడు దొరికే పాత డీఎస్ఎల్ఆర్‌లలో చాలావాటికి 24 ఉన్నాయి. కాబట్టి ఆ అంకె దగ్గర బేరం ఆపేసి, వెలుతురు పట్టే చిన్న పలక, అంటే సెన్సర్, ఎంత పెద్దదో అడగండి. జేబు కెమెరాల్లోనూ, పొడవైన జూమ్ ఉన్న చవక కెమెరాల్లోనూ ఎక్కువగా ఉండేది సుమారు 6.2 మిల్లీమీటర్ల వెడల్పు, 4.6 మిల్లీమీటర్ల ఎత్తు సెన్సర్. ఏపీఎస్-సీ రకం నికాన్, సోనీ కెమెరాల్లో అది సుమారు 23.5కి 15.6. కెనాన్‌లో కాస్త తక్కువ. వైశాల్యంలో పది రెట్లకు పైగా తేడా. రాత్రి వీధిదీపం కింద తీసినప్పుడు ఈ తేడా ఇట్టే తెలుస్తుంది. చిన్న సెన్సర్ బొమ్మంతా ఇసక చల్లినట్టు వస్తుంది, మనిషిని గుర్తుపట్టలేం.

పొడవైన జూమ్ ఉన్న చవక కెమెరాలు పనికిరావని కాదు. పట్టపగలు, దగ్గరికి వెళ్ళనివ్వని చోట అవి బాగా పనిచేస్తాయి. పొలంలో దారికి అడ్డంగా వేసిన కంచెని అవతలి గట్టు మీది నుంచి తీయొచ్చు. పొద్దు గుంకితే మాత్రం వాటి పని అయిపోయినట్టే. డబ్బా మీద రాసిన జూమ్‌లో ఆప్టికల్ ఎంతో అదే లెక్క. డిజిటల్ జూమ్ అంటే ఉన్న బొమ్మని సాగదీయడమే.

సెన్సర్ తర్వాత మేము చూసేది మైకు రంధ్రం. బాధితుల మాట సరిగా వినిపించకపోతే ఎంత మంచి బొమ్మైనా వృథా. ఈ ఒక్క ప్రశ్నతో సగం మోడళ్ళు పక్కకు పోతాయి. కెనాన్ 1500డీ, నికాన్ డీ3500, సోనీ ఏ6000 మూడూ ఫొటోలకు మంచివే, మూడింటికీ బయటి మైకు రంధ్రం లేదు. కెనాన్ 200డీకి, నికాన్ డీ5600కి ఉంది. వీడియో తీసేటప్పుడు కదిలే మనిషి మీద ఫోకస్ నిలపడంలో 200డీ మెరుగు. డీ5600 ఆ పనిలో తడబడుతుంది. ఫొటోలే ముఖ్యం, ఇంటర్వ్యూలు ఫోనులో తీసుకుంటాం అనుకుంటే డీ3500 తీసుకోవచ్చు. కంపెనీ లెక్క ప్రకారం దాని బ్యాటరీ ఒక్క చార్జింగ్‌తో 1,550 ఫొటోలు ఇస్తుంది, 200డీది 650. కరెంటు పోతూ వస్తూ ఉండే ఊళ్ళో ఇదేమీ చిన్న తేడా కాదు.

ఇలాంటి కెమెరాలు చాలావరకు వీడియోని అరగంటకు ఒక సెకను ముందు ఆపేస్తాయి. సభ రికార్డు చేస్తుంటే ఆ సమయానికి మళ్ళీ బటన్ నొక్కడానికి ఒక మనిషి ఉండాలి. పెద్ద వీడియోలు ముక్కలుగా సేవ్ అవుతాయి, కంగారు పడకండి. అన్ని ముక్కల్నీ అలాగే ఉంచండి.

కొత్త మిర్రర్‌లెస్ కొనే స్తోమత ఉంటే కెనాన్ ఆర్50, సోనీ జెడ్‌వీ-ఈ10 రెండూ మంచివి, రెండింటికీ మైకు రంధ్రం ఉంది. సోనీకి కన్ను ఆనించి చూసే వ్యూఫైండర్ లేదు. మన సీమ ఎండలో మిట్టమధ్యాహ్నం వెనక తెరలో ఏమీ కనిపించదు. బయట ఎక్కువగా తీసేవాళ్ళు కెనాన్ వైపే మొగ్గడం మంచిది. మా దృష్టిలో అయితే సంఘానికి కొత్తది అక్కర్లేదు. పాత 200డీ కొని, మిగిలిన డబ్బు మైకుకీ కార్డులకీ పెట్టడమే సరైన లెక్క.

ధర్మవరం మగ్గం గది, పెనుకొండ ఎండ

లెన్స్ దగ్గర దుకాణదారులు ఎక్కువగా అంటగట్టేది 50 ఎం.ఎం. ఎఫ్ 1.8. చవక, తక్కువ వెలుతురులో అద్భుతంగా పనిచేస్తుంది, మాకూ ఇష్టమే. కానీ ధర్మవరంలో గుంత మగ్గం ఉన్న గది ఎలా ఉంటుందో తలచుకోండి. మగ్గం పోను మనిషి నిలబడటానికి మూడడుగుల జాగా. ఆ లెన్స్‌తో అక్కడ మనిషి ముఖం మాత్రమే పడుతుంది. ఇల్లు, మగ్గం, తెగ్గోసిన పడుగు ఒక్క ఫ్రేములోకి రావు. అందుకే కెమెరాతో వచ్చే 18-55 లెన్స్‌ని తీసిపారేయకండి, ఇరుకు ఇంట్లో దాని 18 కొసే దిక్కు. 50 తర్వాత కొనుక్కోవచ్చు. నికాన్ కొంటే ఇంకో జాగ్రత్త ఉంది. డీ3500, డీ5600 కెమెరాల లోపల ఫోకస్ మోటారు ఉండదు. చవగ్గా వస్తోందని పాత ఏఎఫ్-డీ లెన్స్ కొంటే చేత్తో తిప్పుకోవాల్సిందే. ఏఎఫ్-ఎస్ అని రాసి ఉన్నది అడగండి.

ఇప్పుడు రంగు విషయం. కెమెరా లోపలి మీటరు తన ముందున్నదంతా కలిపితే ఒక మధ్యస్థ బూడిద రంగు అనుకుని వెలుతురు లెక్కగడుతుంది. తెల్ల సున్నం గోడ ముందు నల్లటి మనిషిని నిలబెడితే గోడని బట్టి వెలుతురు తగ్గిస్తుంది, ముఖం బొగ్గు ముద్దలా వస్తుంది. పెనుకొండ కొండల కింద మధ్యాహ్నం ఎండలో, తలకి తువ్వాలు చుట్టుకున్న కూలీల ఫొటోల్లో కళ్ళు కనిపించకపోవడానికి ఇదే కారణం. ఇది మన చర్మం తప్పు కాదు. ఫిల్ము కాలంలో కొడాక్ కంపెనీ ల్యాబులకు పంపిన షిర్లీ కార్డుల మీద తెల్లజాతి స్త్రీ బొమ్మ ఉండేది. ప్రింటులో రంగు సరిగ్గా వచ్చిందా లేదా అని ఆ ముఖంతోనే సరిచూసుకునేవారు. నల్లటి ముఖం దశాబ్దాల తరబడి ఆ లెక్కలోనే లేదు. మన చేతిలో ఉన్న మందు సులువైనది: కెమెరాలో ప్లస్, మైనస్ గుర్తు ఉన్న బటన్ నొక్కి వెలుతురుని ఒక మెట్టు పెంచండి. వెనక గోడ తెల్లగా పోయినా ఫరవాలేదు, ముఖం రావాలి. మనిషిని చెట్టునీడకో పంచ కిందికో జరిపితే ఇంకా మంచిది.

ఎత్తు సంగతీ చూసుకోవాలి. జహీరాబాద్ దగ్గర పస్తాపూర్‌లో దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల మహిళలు కెమెరా పట్టి సినిమాలు తీశారు. వాళ్ళలో ఎక్కువమంది దళితులు, బడి మొహం చూడనివాళ్ళు. వరంగల్ బీటీ పత్తి రైతుల నష్టం మీద వాళ్ళు తీసిన చిత్రం దేశవిదేశాల్లో ప్రదర్శించారు. ఎదుటి మనిషి కళ్ళకు సమానమైన ఎత్తులో కెమెరా పెట్టి తీసే షాట్‌కి వాళ్ళు పెట్టుకున్న పేరు ‘సంఘం షాట్’. నేల మీద కూర్చున్న అవ్వని నిలబడి తీయకండి, మీరూ కూర్చోండి.

పాతది కొనేటప్పుడు

మన మూడు ఊళ్ళూ బెంగళూరు రైలు మార్గం మీదే ఉన్నాయి. ధర్మవరంలో ఎక్కినా, పెనుకొండలో ఎక్కినా హిందూపురం మీదుగా పొద్దున పోయి రాత్రికి ఇల్లు చేరొచ్చు. అక్కడ ఎస్పీ రోడ్డులో ఎలక్ట్రానిక్ సామాను దొరకనిది లేదు. అయినా మేము చెప్పేదేమిటంటే, ముందు మన ఊరి పెళ్ళి ఫొటోగ్రాఫర్లని అడగండి. వాళ్ళు మిర్రర్‌లెస్‌కి మారుతూ పాత డీఎస్ఎల్ఆర్‌లు అమ్ముకుంటున్నారు. తెలిసిన మనిషి దగ్గరైతే రేపు ఏదైనా తేడా వస్తే అడగడానికి తలుపు తట్టే ఇల్లు ఒకటి ఉంటుంది.

చూసేటప్పుడు మొదట షట్టర్ ఎన్నిసార్లు పడిందో అడగండి. ఈ తరగతి కెమెరాల షట్టర్ సుమారు లక్ష సార్లకు తయారైంది. పెళ్ళిళ్ళు తీసిన కెమెరా ఆ గీత దగ్గరికి వచ్చి ఉండొచ్చు. నలభై యాభై వేల లోపుంటే నిశ్చింతగా తీసుకోవచ్చు. లెన్స్‌లోకి ఫోను టార్చి వేసి రెండో వైపు నుంచి చూడండి. సాలెగూడులా తీగలు కనిపిస్తే అది బూజు. మన పొడి నేల మీద బూజు తక్కువ, కోస్తా నుంచి వచ్చిన లెన్స్‌కి ఎక్కువ. మన శత్రువు దుమ్ము. ఎఫ్ 16 పెట్టి ఆకాశాన్ని ఒక ఫొటో తీసి పెద్దది చేసి చూడండి. నల్లటి చుక్కలుంటే సెన్సర్ మీద దుమ్ము పడింది. అది శుభ్రం చేయించుకోవచ్చు, కాకపోతే ఆ ఖర్చు ధరలో తగ్గించమనాలి. కొన్నాక మీరు కూడా గాలిలో, రోడ్డు పక్కన లెన్స్ మార్చకండి.

బిల్లు విషయంలో మొహమాటం వద్దు. డిజిటల్ కెమెరాల మీద జీఎస్టీ 2019 జనవరి నుంచి 28 శాతం కాదు, 18 శాతం. బిల్లు లేకుండా అయితే తగ్గిస్తాం అంటే ఆ తగ్గింపు మనకు నష్టమే. వారంటీ పోతుందన్నది ఒక్కటే కాదు. దళిత కుర్రాడి చేతిలో కెమెరా కనిపిస్తే ‘ఎక్కడ కొట్టుకొచ్చావు’ అని అడిగేవాళ్ళు ఈ దేశంలో ఇంకా ఉన్నారు. బిల్లు మీద సంఘం పేరు, కెమెరా సీరియల్ నంబరు రెండూ ఉండాలి. పాతది కొంటే అమ్మిన మనిషి చేత తెల్లకాగితం మీద సీరియల్ నంబరుతో రాయించి సంతకం పెట్టించుకోండి, పాత బిల్లు ఉంటే అదీ తీసుకోండి.

తీసిన ఫైలు కోర్టు దాకా చేరాలంటే

2016 జులైలో గుజరాత్‌లోని ఊనాలో చనిపోయిన ఆవు తోలు తీస్తున్న దళితులని కట్టేసి కొట్టారు. ఆ వీడియో తీసింది కొట్టినవాళ్ళే. గర్వంగా తీసి పంచుకున్నారు. అదే దేశాన్ని కదిలించింది. ప్రతిసారీ వాళ్ళే మనకు సాక్ష్యం తీసి పెట్టరు కదా. హైదరాబాద్‌లో మొదలైన దళిత్ కెమెరా యూట్యూబ్ చానల్ లాంటివి పుట్టింది మన మాటని మనమే రికార్డు చేయాలనే.

2024 జులై 1 నుంచి పాత సాక్ష్య చట్టం స్థానంలో భారతీయ సాక్ష్య అధినియం వచ్చింది. పాత 65బీ సెక్షన్ పని ఇప్పుడు 63వ సెక్షన్ చేస్తుంది. కాపీ ఇస్తే దానితోపాటు ఒక ధ్రువపత్రం ఇవ్వాలి. అందులో రెండు భాగాలు: ఒకటి ఆ పరికరం ఎవరి చేతిలో ఉందో వాళ్ళు నింపేది, రెండోది నిపుణుడు నింపేది. ఫైలు హ్యాష్ విలువ కూడా రాయాలి. ఫైలుకి అది వేలిముద్ర లాంటిది, లోపల ఒక్క చుక్క మారినా విలువ మారిపోతుంది. ఈ ధ్రువపత్రం తప్పనిసరని పాత చట్టం కిందే 2020లో అర్జున్ పండిత్‌రావ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఇందులో కెమెరాతో తీసినవాళ్ళకి ఒక సౌకర్యం ఉంది. అసలు కార్డునే కోర్టు ముందు పెట్టగలిగితే, దాన్ని తీసినవాళ్ళే వచ్చి చెప్పగలిగితే, గొడవ చాలా తగ్గుతుంది.

అందుకని కార్డులు చవగ్గా, చిన్నవి, ఎక్కువ కొనండి. ఒకే 256 జీబీ కార్డు కంటే నాలుగు 32 జీబీ కార్డులు మేలు. ఒక సంఘటనకి ఒక కార్డు. తీయడం అయ్యాక కార్డు పక్కనున్న చిన్న తాళం మీటని కిందికి జరపండి, ఇక దాని మీద ఏదీ రాయబడదు. మళ్ళీ వాడకండి. కెమెరాలో ఫైలు నంబర్లు వరసగా నడిచేలా పెట్టండి. బాగా రాలేదని మధ్యలో ఫొటో చెరిపేయకండి. 341 తర్వాత 343 ఉంటే 342 ఏమైందని అవతలి వకీలు తప్పకుండా అడుగుతాడు. తేదీ, సమయం సరిచూసుకోవడం ప్రతి వారం అలవాటుగా పెట్టుకోండి. బ్యాటరీ చాలాకాలం తీసేసి ఉంచితే గడియారం మొదటికి పోతుంది. మధ్యాహ్నం జరిగిన దాడి ఫైలులో అర్ధరాత్రి అని ఉంటే మన సాక్ష్యం మన మీదికే తిరుగుతుంది.

వాట్సాప్‌లో పంపింది సాక్ష్యంగా లెక్కపెట్టుకోకండి. అది బొమ్మని కుదించేస్తుంది, ఎప్పుడు ఏ కెమెరాతో తీశారో చెప్పే వివరాలు తుడిచిపెడుతుంది. పత్రికలకు పంపడానికి వేరే కాపీ చేసుకోండి. కత్తిరించినా, వెలుతురు పెంచినా ఆ కాపీ మీదే.

తీసేటప్పుడు మొదట దూరం నుంచి ఒకటి తీయండి, ఊరు, వీధి, గుడి, నీళ్ళ ట్యాంకు లాంటి కదలని గుర్తుతో. తర్వాత ఇల్లు. తర్వాత విరిగిన తలుపు. గాయమైతే పక్కన స్కేలో, రూపాయి బిళ్ళో పెట్టి ఒకటి, ఏమీ లేకుండా ఒకటి. కమిలిన దెబ్బ మరుసటి రోజు ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది, రెండో రోజూ తీయండి. తీసినవాళ్ళ పేరు, తేదీ, చోటు, ఫైలు నంబర్లు నోటుబుక్కులో రాసుకోండి. అట్రాసిటీ కేసు దర్యాప్తు చేయాల్సింది డీఎస్పీ హోదాకి తగ్గని అధికారి. కార్డు ఆయనకే ఇవ్వండి, స్వాధీనం చేసుకున్నట్టు పంచనామా కాపీ అడిగి తీసుకోండి. ఇచ్చే ముందు రెండు కాపీలు చేసి రెండు వేర్వేరు ఇళ్ళలో పెట్టండి. ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం 15ఏ సెక్షన్ ఈ చట్టం కింది విచారణలన్నీ వీడియో రికార్డు చేయాలంటోంది. అది మనం తీసేది కాదు, వాళ్ళు తీయాల్సింది. జరగకపోతే రాతపూర్వకంగా అడగండి.

లైంగిక దాడి బాధితుల ముఖం, పేరు, ఇల్లు గుర్తుపట్టేలా ఏదీ బయట పెట్టకూడదు. భారతీయ న్యాయ సంహిత 72వ సెక్షన్ కింద అది నేరం. పిల్లలైతే పోక్సో 23 ఉంది. న్యాయం కోసమే పెట్టాం అన్నా కుదరదు. మిగతా బాధితుల విషయంలోనూ అడిగి తీయండి. కులం పేరుతో తిట్టిన వీడియోని ఊరంతా తిప్పితే ఆ తిట్టు ఆ మనిషికి రోజూ తగులుతుంది.

డబ్బు లెక్క

పాతిక ముప్పై వేలుంటే పాత 200డీ, 18-55 లెన్స్, నాలుగు కార్డులు, ఒక మామూలు కాలరు మైకు. ఇంకా మిగిలితే రెండో బ్యాటరీ, అదీ కంపెనీదే. ఉబ్బిపోయే నకిలీ బ్యాటరీ కెమెరాలో ఇరుక్కుంటే కొన్న లాభమంతా పోతుంది. అరవై వేలు దాటి ఉంటే కొత్త ఆర్50. 4కే వీడియో కోసం అదనంగా పెట్టొద్దు. పెద్ద ఫైళ్ళు దాచుకోవడానికి మళ్ళీ డబ్బే కావాలి, సాక్ష్యానికి ఫుల్ హెచ్‌డీ చాలు.

సంఘంలో ఎవరైనా కెమెరాని బతుకుదెరువు చేసుకోవాలనుకుంటే లెక్క వేరు. ముద్ర పథకంలో శిశు రుణం 50 వేల దాకా తనఖా లేకుండా ఇస్తారు, ఫొటో స్టూడియోకి అది అడగొచ్చు. గేరిలో పెళ్ళిళ్ళు, మారెమ్మ జాతరలు, తప్పెట కొట్టే పెద్దల ఫొటోలు తీసే పిల్లలు చేయి తిరిగి ఉంటారు. అవసరం వచ్చిన రోజున చేతులు వణకవు.

కెమెరా ఎవరింట్లో ఉండాలన్నది కొన్న రోజే తేల్చుకోండి. నాయకుడి ఇంట్లో బీరువాలో పెడితే ఆయన ఊళ్ళో లేని రోజే పని పడుతుంది. ఒక రిజిస్టరు పెట్టి, తీసుకున్నవాళ్ళు సంతకం చేసేలా చూడండి. కనీసం నలుగురికి వాడటం రావాలి, అందులో ఇద్దరు ఆడవాళ్ళై ఉండాలి. ఆడవాళ్ళ ఒంటి మీది గాయాలు తీయాల్సి వచ్చినప్పుడు మగపిల్లలు చేయగలిగింది బయట నిలబడటమే. చార్జరు, ఖాళీ కార్డులు, నోటుబుక్కు, పెన్ను, స్కేలు అదే సంచీలో ఉండాలి.